గీత దాటితే బియ్యం సంచి

పందెం మొదలైన దగ్గర్నుంచి ఆఖరి మనిషి తిరిగొచ్చేదాకా నాకు మంచినీళ్లు కూడా గొంతు దిగేవి కావు. ఇన్నేళ్లు చేశాక అలవాటైపోయి ఉంటుందని మీరు అనుకోవచ్చు. అలవాటు కాలేదు. రిటైరయ్యే ముందు నడిపిన పందెంలో కూడా జేబులో ఫోను మోగితే చేతులు చల్లబడ్డాయి.

జగిత్యాల, మల్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల బళ్లలో పీఈటీగా చేశాను. చివర్లో జూనియర్ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. బడి పిల్లల ఆటల పోటీలు నడపడం మా ఉద్యోగంలో భాగం. ఊళ్లలో పెద్దవాళ్లు కూడా ఆదివారం పొద్దున్నే టెన్‌కే, ఫైవ్‌కే అని ఉరకడం మొదలుపెట్టాక, క్లబ్బులవాళ్లు నా దగ్గరికి రాసాగారు. నా దగ్గర స్టాప్‌వాచీలు ఉన్నాయి, దారి కొలవడం వచ్చు, పోలీసుల అనుమతి ఎక్కడ అడగాలో తెలుసు. ఈ పని నేర్పే బడి ఎక్కడా లేదు. చేసి, తప్పులు చేసి నేర్చుకున్నాం. ఇప్పుడు కొత్తగా ఈ పనిలోకి దిగుతున్న పిల్లలు కొందరు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఎంట్రీ ఫీజు ఎంత పెట్టాలి, దానికి బదులు ఏమివ్వాలి? ఒక్క అంకె చెప్పి పంపించలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

జగిత్యాలలో ఉచితం

మొదటి పందెం జగిత్యాలలో. మా క్లబ్బు అధ్యక్షుడు రాజేశం సారు. ఒక ప్రైవేటు బడికి కరస్పాండెంటు. మనిషి చెడ్డవాడు కాదు, జనం కనిపిస్తే చాలు ముఖం వెలిగిపోతుంది. ఫీజు పెడదామని నేనంటే ఒప్పుకోలేదు.

"మేడం, ఉత్తగ టీషర్టు ఇస్తమంటె ఊరు ఊరంత అస్తది. జనమస్తె ఫోటో అస్తది. ఫోటో అస్తె పైసలిచ్చేటోడు మల్లొక్కపారి ఫోనెత్తుతడు. గింతే లెక్క."

ఊరు ఊరంతా వచ్చింది. పందేనికి ముందే టీషర్టులు పంచడం మా తెలివితక్కువతనం. ఒక్క బల్ల, దాని వెనక మేం నలుగురం. తెల్లారేసరికి బల్లకు అవతల ఎంతమంది ఉన్నారో కనపడలేదు. ఉన్నట్టుండి బల్ల మా మీదికి జరిగింది. నా వీపు గోడకు ఆనుకుంది. ఊపిరి పీల్చుకోవడానికి జాగా లేదు. ముందు వరసలో ఒకామె గాజులు పగిలి మణికట్టు నుంచి రక్తం కారుతుంటే, ఆ చేత్తోనే ఆమె టీషర్టు పట్టుకుని ఉంది, వదలడం లేదు. వెనకాల ఎవరో చిన్న పిల్ల ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు ఆగిపోయింది. ఆగిపోయినప్పుడు నాకు కలిగిన భయం ఇంకా ఒంట్లో ఉంది. తర్వాత తెలిసింది, ఎవరో ఆ పిల్లను ఎత్తి భుజాన వేసుకున్నారని. తెలిసేదాకా గడిచిన ఆ కొన్ని నిమిషాలే నాకు ఈ పనిలో మొదటి పాఠం.

విజిల్ ఊదేసరికి సగం మంది టీషర్టులతో వెళ్లిపోయారు. ఆ వారం మల్యాల బస్సులో పోతుంటే, పొలంలో ఎరువు చల్లుతున్న ఒకాయన ఒంటిమీద మా క్లబ్బు పేరు కనిపించింది. రాజేశం సారుకు కోపమొచ్చింది. నాకు రాలేదు. ఆయనకు అంగీ కావాలి, మనం ఇచ్చాం.

ఫీజు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఎంతమంది వస్తారో ఫీజు ముందుగానే చెబుతుంది. అంటే ఎంతమంది కోసం నేను భయపడాలో చెబుతుంది.

కోరుట్లలో ఖరీదు

తర్వాతిది కోరుట్లలో. ఈసారి సారు అటు చివరికి పోయాడు. ఫీజు బాగా పెంచాడు. దానికి తగ్గట్టు కిట్టు, బరువైన మెడల్, నాలుగు రకాల టిఫిన్. దూరం నుంచి కార్లలో కూడా వచ్చారు. అంతా ముచ్చటగా ఉంది.

ముందురోజు సాయంత్రం బీడీలు చేసే ఆడవాళ్లు అయిదారుగురు నా దగ్గరికి వచ్చారు. అందులో గంగవ్వ అనే ఆమె మాట్లాడింది.

"మేడం, గా అంగి మాకద్దు. గా బిళ్ల అద్దు. ఉత్తగ మమ్ముల గిట్ల ఉరకనియ్యరాదుండ్రి. పొద్దంత కూసోని కూసోని నడుములు పోతున్నయి."

సారును అడిగాను. "ఒకలను ఉత్తగ ఇడిస్తె అందరు అడుగుతరు మేడం" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. నేను గంగవ్వకు కుదరదని చెప్పాను. కానీ వాళ్లు మరునాడు వచ్చారు. నంబర్లు లేకుండానే అందరి వెనకా ఉరికారు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. దయ చూపించాననుకున్నాను.

అందరూ వచ్చారని లెక్క సరిచూసుకుని, దారిలో నిలబెట్టిన మనుషులను వెనక్కి పిలిచేశాను. టిఫిన్ బల్లలు తీసేశారు. అప్పుడు గంగవ్వతో వచ్చిన ఒకామె నా చెయ్యి పట్టుకుని, "మా గంగవ్వ ఇంక రాలే" అంది. స్కూటర్ వేసుకుని మెట్‌పల్లి రోడ్డు మీద వెతుకుతూ పోయాను. లారీలు పక్కనుంచి దూసుకుపోతున్నాయి. రోడ్డు వార ఏ చీరముక్క కనిపించినా బండి ఆపి చూశాను. ఆమె ఒక కిలోమీటరు రాయి మీద కూర్చుని ఉంది. మడమ వాచిపోయింది. గంట పైనుంచి అక్కడే ఉందట. మా మనుషులు ఆమె ముందునుంచే బండ్ల మీద వెనక్కి వచ్చేశారు. వాళ్ల లెక్కలో ఆమె లేదు.

ఫీజు పెట్టకపోతే తొక్కిసలాట. ఎక్కువ పెడితే కట్టలేనివాళ్లు లెక్క బయట ఉరుకుతారు. ఈ రెండూ చూశాక, మధ్య దారి నాకు దొరికిందనుకున్నాను. ఆ దారే నన్ను సిరిసిల్లకు తీసుకుపోయింది.

సిరిసిల్ల

సాంచాలు ఆగిన ఏడాది అది. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. మామూలు రోజుల్లో ఏ గల్లీలోకి పోయినా ఆ చప్పుడుకు పక్కమనిషి మాట వినపడదు. ఆ ఏడాది గల్లీలన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. గుడ్డకు గిరాకీ లేదు, నూలు లేదు. మగ్గాల పనికి భీవండికి పోయినవాళ్లు పోయారు, దుబాయి వీసా దొరికినవాళ్లు అటు పోయారు. ఏదీ దొరకనివాళ్లు టీకొట్ల దగ్గర పని లేని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను కొన్నేళ్ల ముందు ఆ ఊళ్లోనే పనిచేశాను. వాళ్లలో చాలామందిని పేరుతో పిలవగలను.

అక్కడ పందెం పెట్టమని ఒక రైసుమిల్లు ఆసామి అడిగాడు. నగదు కొంచెమే ఇస్తాడట, బియ్యం ఎంతైనా ఇస్తాడట. ఆ బియ్యంతో ఏం చెయ్యాలన్న ఆలోచన నాదే. ఎవరి మీదా పెట్టను. "టీషర్టు వద్దు, మెడల్ వద్దు సార్. ఫీజు నామమాత్రంగా పెడదాం. గీత దాటిన ప్రతి మనిషికీ పది కిలోల సన్నబియ్యం సంచి ఇద్దాం" అన్నాను. రాజేశం సారు ఎగిరి గంతేశాడు. మిల్లు ఆసామికి మాత్రం ఒక అనుమానం. నడుచుకుంటూ వచ్చినవాళ్లకు కూడా ఇస్తే బియ్యం చాలవు కదా? దానికీ నేనే ఉపాయం చెప్పాను. పది కిలోమీటర్లు గంటా పది నిమిషాల లోపు వచ్చినవాళ్లకే సంచి. అంతకంటే ఆలస్యమైతే లేదు.

ఫీజు తక్కువ, నగదు తక్కువ. ఎక్కడో ఒకచోట తగ్గించాలి. నాలుగు చోట్ల పెట్టాల్సిన నీళ్లు రెండు చోట్లకు తగ్గించాను. రెండు అంబులెన్సులు మాట్లాడి ఒకటి వద్దన్నాను. ఆ మాట నా నోటితోనే అన్నాను.

నీళ్ల పని చూసేది ముజీబ్ భాయ్. కోరుట్లలో ఐస్ దుకాణం ఆయనది, నా పందేలన్నిటికీ తన ట్రాలీ ఆటోలో డ్రమ్ములు తెచ్చేవాడు. ఆయన ఒక్కడే ఎదురుచెప్పాడు.

"మేడం, పది కిలోమీటర్లకు రెండు జాగలల్లనే పానీయా? ఎండ సూడుండ్రి జెర. మీరు టైము వెట్టిండ్రు. టైముంటె మనిషి ఆగడు."

"పొద్దున ఆరింటికి మొదలుపెడతాం భాయ్. ఎండ పడేలోపు అయిపోతది" అన్నాను.

ఆరింటికి మొదలు కాలేదు. జెండా ఊపాల్సిన మిల్లు ఆసామి రాలేదు. ఉగాది దగ్గర పడుతున్న రోజులు. ఆరున్నరయింది, ఏడయింది. జనం వరసలో నిలబడి ఉన్నారు. నా కళ్ల ముందే నేల మీద నీడలు కురచ అవుతున్నాయి. "సార్, మొదలుపెట్టేద్దాం" అని నాలుగుసార్లు అన్నాను. "బియ్యమిచ్చేటోడు ఆయనే కద మేడం, జెర ఆగుండ్రి" అన్నాడు రాజేశం సారు. అయిదోసారి నేను అనలేదు. అనాల్సింది. విజిల్ నా మెడలోనే ఉంది. ఊదితే సరిపోయేది. ఏడున్నరకు జెండా ఊగింది.

వాళ్లు ఉరికిన తీరు చూసి నాకు మొదటి నిమిషంలోనే భయమేసింది. చెప్పులు చేతబట్టుకుని ఉరికేవాళ్లు, లుంగీ ఎగగట్టినవాళ్లు, ఎన్నడూ ఉరకనివాళ్లు, వేములవాడ రోడ్డు మీద మొదటి కిలోమీటరే ప్రాణం పెట్టి ఉరుకుతున్నారు. ఆటకు వచ్చినవాళ్లలా లేరు. కూలికి ఆలస్యమైనవాళ్లలా ఉన్నారు.

ఫోను

మొదట కాలేజీ పిల్ల ఒకామె వాంతి చేసుకుని పడిపోయింది. ఉన్న ఒక్క అంబులెన్సు ఆమెను తీసుకుపోయింది. గంటా పది నిమిషాలకు విజిల్ ఊదాను. సంచులతో ఫోటోలు తీయడం మొదలైంది. అప్పుడు ముజీబ్ భాయ్ ఫోను.

"మేడం, మనిషి పడిపోయిండు. గీతకు కిలోమీటరు గూడ లేదు. ఒళ్లు నిప్పుల కాలుతున్నది. సోయి లేదు. అంబులెన్సేదీ?"

"వెళ్లిపోయింది భాయ్. వేరేవాళ్లను తీస్కపోయింది."

"నా బండ్లనే ఏస్త. గెస్టుల కూల్‌డ్రింకుల ఐసున్నది, ఆయన మీద పోస్త. దవాఖానకు పోతున్న. చెస్ట్ నంబరు రెండు వందల పద్నాలుగు. ఇంటోళ్లకు చెప్పుండ్రి" అన్నాడు.

రిజిస్టరు తీశాను. ఆ నంబరుకు ఎదురుగా భూమేశ్, వయసు ముప్పై రెండు, జబ్బులేవీ లేవు అని ఉంది. ఇంటి ఫోను నంబరు ఉంది. కలిపాను. ఒక ఆడమనిషి ఎత్తింది.

"భూమేశ్ వాళ్లింటోళ్లేనా?"

"అవు. నేను ఆయన భార్యను, లావణ్యను. ఎవలు?"

"అమ్మా, భయపడకు. భూమేశ్ ఎండల పడిపోయిండు. సోయి లేదు. దవాఖానకు తీస్కపోతున్నం. ఆయనకు బీపీ గిట్ల ఏమన్న ఉన్నదా?"

ఆమె చాలా మెల్లగా అడిగింది.

"కంపెనోళ్లా?"

"ఏ కంపెనీ అమ్మా? నేను…"

"నిజం చెప్పుండ్రి. పానమున్నదా? పెట్టె ఎన్నడస్తది?"

"పెట్టేంది అమ్మా?"

ఏదో పడిన చప్పుడైంది. ఫోను కట్ అయింది. మళ్లీ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఆమె అడిగిన పెట్టె ఏమిటో నాకు ఆ హడావిడిలో తట్టలేదు. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినదాన్ని, గల్ఫ్‌లో చనిపోయినవాళ్లను విమానంలో తెచ్చే పెట్టె సంగతి తెలియనిదాన్ని కాదు. అయినా తట్టలేదు.

ఆసుపత్రికి వెళ్లేసరికి ఆయన్ను మంచం మీద వేసి తడిగుడ్డలు కప్పారు. చిన్న వయసు డాక్టరమ్మ నా చేతిలో రిజిస్టరు చూసి అడిగింది.

"ఈయనకు ముప్పై రెండేళ్లా? మేడం, మీరీ మనిషిని చూశారా?"

చూశాను. చెవుల దగ్గర జుట్టంతా తెలుపు. మెడ మీద ముడతలు. యాభైకి దగ్గరగా ఉంటాడు. ఛాతీ మీద నా చేతిరాతతో ఉన్న నంబరు, పిన్నీసులతో గుచ్చి ఉంది. పొద్దుటి నుంచి నేను నంబర్లే చూస్తున్నాను.

"ఈయన భూమేశ్ కాదు" అన్నాను.

"మరి ఎవరు? ఏం మందులు వాడుతున్నాడో తెలియకుండా నేను గుడ్డిగా వైద్యం చేయలేను. ఎవర్నైనా పిలిపించండి."

ఎవర్ని పిలిపించాలి? ఆయన జేబులో ఏమీ లేదు. ముజీబ్ భాయ్ గోడకు ఆనుకుని, తడిసిన బట్టలతో, పెదవులు కదుపుతూ దువా చదువుకుంటున్నాడు. మంచం మీది మనిషి కాళ్లు ఒక్కసారి బిగుసుకుని మళ్లీ వదులయ్యాయి. డాక్టరమ్మ పరుగెత్తింది. నన్ను బయటికి పొమ్మన్నారు.

అప్పుడు నా ఫోను మోగింది. ఎవరో మగమనిషి, లావణ్య వాళ్ల గల్లీలో కిరాణా దుకాణం ఆయన.

"మేడం, మీరు యాడికెల్లి మాట్లాడుతున్నరు?"

"సిరిసిల్ల పెద్ద దవాఖాన కాడికెల్లి."

"సిరిసిల్లనా! భూమేశ్ దుబాయి పోయి పది దినాలాయె గద! ఈడ లావణ్య సోయి తప్పి పడ్డది. ముసలమ్మ గుండెలు బాదుకుంటున్నది. మీరెవలకు ఫోను చేసిండ్రో, ఏం జెప్పిండ్రో ఎరికేనా?"

అక్కడే మెట్ల మీద కూర్చున్నాను.

లావణ్య

అరగంటలో లావణ్య ఆటోలో వచ్చింది. కాళ్లకు చెప్పులు లేవు. వెనకే అత్త. నేను ఎదురుపోయి చెప్పబోయాను. నన్ను తోసుకుని లోపలికి పోయింది. మంచం మీది మనిషిని చూసి మొదట ఆమె ముఖంలోకి ప్రాణం వచ్చింది, ఆ వెంటనే పోయింది.

"ఈయన మా ఆయన గాదు. నర్సన్న! మా పక్కింటి నర్సన్న!"

సంగతి అప్పుడు బయటపడింది. భూమేశ్ పందేనికి పేరిచ్చాడు, ఫీజు కట్టాడు. ఇంతలో వీసా వచ్చింది. పోతూ పోతూ తన చెస్ట్ నంబరు పక్కింటి నర్సయ్యకు ఇచ్చాడు, బియ్యమన్నా వస్తాయని. ఇద్దరూ ఒకే ఆసామి దగ్గర సాంచాలు నడిపారు. లావణ్యకు ఆ మాట చెప్పలేదు.

"బీపీ గోలీలు ఏసుకుంటడు" అని డాక్టరమ్మకు చెప్పింది లావణ్య. "ఈ నెల కొన్నడో లేదో తెల్వది." ఏ గోలీలో కూడా చెప్పింది, తన అత్త వేసుకునేవీ అవేనట. నేను నాశనం చేసిన ఆ పొద్దుటిపూట, నర్సయ్యకు ఆ గదిలో పనికొచ్చిన మాటలు చెప్పింది ఆమె ఒక్కతే.

"ఇంటోళ్లకు ఎవలు చెప్పాలె?" అని అడిగాను.

"పద్మక్క ఇంట్ల లేదు. గీత కాడ్నే ఉంటది. సంచి మోసుకపోను పోయింది."

నేనే వెళ్లాను. అక్కడ షామియానా విప్పేస్తున్నారు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. సున్నం గీత పక్కన ఒకామె, నెత్తిన బరువు కింద పెట్టుకునే చుట్టబట్ట చేతిలో పట్టుకుని నిలబడి, దారి వైపు చూస్తోంది. పొద్దుటి నుంచి నేను మైకు పట్టుకుని తిరిగిన చోటికి ఇరవై అడుగుల దూరంలో ఉంది. నన్ను చూడగానే తనే అడిగింది.

"మేడం, ఇంక ఎనుక మంది ఉన్నరా? మా ఆయన రాలే. టైము దాటిపోయె గని, నడుసుకుంటనన్న రావాలె గద?"

"నువ్వు నర్సయ్య భార్యవా? నాతోటి రా తల్లీ. పానం ఉన్నది" అన్నాను. నేర్చుకున్నది ఇంతే, ప్రాణం ఉందన్న మాట ముందు చెప్పాలని. ఆమె ఒక్క మాట అనకుండా నా స్కూటర్ వెనక ఎక్కింది. దారి పొడుగునా ఆమె వేళ్లు నా భుజంలో దిగబడి ఉన్నాయి.

మధ్యాహ్నం నర్సయ్యను కరీంనగర్ తీసుకుపోయారు. వడదెబ్బకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు. లావణ్య మాత్రం సిరిసిల్ల ఆసుపత్రి వరండాలోనే కూర్చుంది, ఇంటికి పోనంది. పడింది తన భర్త కాదని కళ్లారా చూసినా ఆమెలో భయం పోలేదు. దుబాయికి ఫోను కలవడం లేదు. డ్యూటీలో ఫోను తీసేసుకుంటారట. నేను పక్కనే కూర్చున్నాను. ఆమె నన్ను పొమ్మనలేదు. సాయంత్రం ఫోను మోగింది. ఎత్తి, "నువ్వేనా? నువ్వేనా?" అని అడిగింది. ఎన్నిసార్లు అడిగిందో. ఆ తర్వాత వరండా అంతా వినపడేలా తిట్టింది. తిట్టి, ఏడ్చి, ఫోను అత్తకిచ్చి, నా వైపు తిరిగింది.

"మేడం, మీరు పెద్దోళ్లు. ఒక్క మాట. ఇగ ఎవలకన్న ఫోను చేస్తె, ముందుగాల ఏ ఊరికెల్లి చేస్తున్నరో చెప్పుండ్రి."

అంతే అంది. అంతకంటే ఎక్కువ తిట్టినా నాకు ఇంత తగిలేది కాదు.

రాజేశం సారు గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. మరునాడు పేపరువాళ్లతో ఆయన, పడిపోయిన మనిషి పేరు మా జాబితాలో లేదు, మాకు సంబంధం లేదు అన్నాడు. అదే రోజు కరీంనగర్ వెళ్లి ఆసుపత్రి ఖర్చంతా తనే కట్టి, ఎవరికీ చెప్పవద్దని పద్మను బతిమాలాడు. ఈ రెండు పనులూ చేసింది ఒకే మనిషి. ఇలాంటి పెద్దల కిందే మీరూ పనిచేస్తారు. వాళ్లను తిట్టుకుంటూ కూర్చోకండి. విజిల్ మాత్రం వాళ్ల చేతికివ్వకండి.

మీకు చెప్పేది

ఫీజు ఎంత అని అడిగారు కదా. ముందు నీళ్లు, ఐసు, డాక్టరు, రెండు బండ్లు, దారి పొడుగునా మనుషులు, ఇవి రాసుకోండి. ఫీజైనా, ఇచ్చేవాళ్ల సొమ్మైనా మొదట వీటికి పోవాలి. మిగిలితే టీషర్టు. మిగలకపోతే చప్పట్లు కొట్టి పంపండి, ఎవరూ ఏమీ అనుకోరు. కట్టలేనివాళ్లకు ఫీజు తీసేయండి, నంబరు మాత్రం తీసేయకండి. నంబరు ఇచ్చేటప్పుడు మనిషి ముఖం చూసి ఇవ్వండి. పేరు మార్చుకోవాలంటే సిగ్గుపడకుండా మార్చుకునే ఏర్పాటు గీత దగ్గరే ఉండాలి. అతిథి రాకపోతే అతిథి లేకుండా మొదలుపెట్టండి.

ఇంకొకటి. కడుపుకు కావలసిన వస్తువును టైముకు కట్టి ఎప్పుడూ వేలాడదీయకండి. బియ్యం ఇవ్వాలనిపిస్తే ఇళ్లకు వెళ్లి ఇవ్వండి. దానికి ఎవరూ ఉరకనక్కరలేదు. నేను దయ అనుకున్నది వాళ్లకు కూలి అయింది, ఆ కూలికి కూడా సమయం పెట్టాను.

నర్సయ్య ఇంట్లో

నర్సయ్య పన్నెండు రోజులు కరీంనగర్‌లో ఉన్నాడు. మూడుసార్లు రక్తం శుద్ధి చేశారు. బతికాడు. ఇంటికి వచ్చాడని తెలిసి, రెండు బియ్యం సంచులు స్కూటర్ ముందు పెట్టుకుని వెళ్లాను. గల్లీలోకి తిరిగాక మూడుసార్లు బండి ఆపాను. వెనక్కి పోదామనిపించింది. తిడతారని కాదు. ఆయన ముఖంలోకి ఎట్లా చూడాలో తెలియక.

ఆగిపోయిన సాంచా పక్కన నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. సగం మనిషి అయ్యాడు. నన్ను చూసి లేవబోయాడు.

"లేవకు నర్సయ్యా. ఒకటడుగుత, ఏమనుకోకు. తిరిగే మలుపు కాడ నీళ్లున్నయి గద. ఎందుకు తాగలే?"

ఆయన తప్పు చేసిన పిల్లాడిలా చూశాడు.

"జనం మస్తుండిరి మేడం. వరుసల నిలవడితె టైము పోతదనుకున్న. ఆఖరుకు అచ్చినంక గీత కనవడుతనే ఉన్నది. నాలుగు అడుగులే గద అనుకున్న."

ముజీబ్ భాయ్ చెప్పిన మాట అక్షరాలా అదే. సంచులు లోపలికి తెచ్చి గోడ వార పెట్టాను. నర్సయ్య వాటిని చూసి ముఖం తిప్పుకున్నాడు.

"గవి అద్దు మేడం. నేను గీత దాటలే. దాటినోళ్లకే గద ఇస్తనన్నరు. పదిమంది ఏమంటరు?"

పద్మ అప్పటిదాకా పొయ్యి దగ్గర మాకు వీపు చేసి ఉంది. లేచి వచ్చింది. రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది.

"ఆయన దాటకుంటె ఏమాయె?" అంది. "మందులకని, రక్తమని, కాయిదాలని, గా దవాఖాన్ల మీదికి కిందికి పన్నెండొద్దులు నేనురికిన. ఇటియ్యుండ్రి."

ఒక సంచి ఎత్తి ఆమె చేతుల్లో పెట్టాను. రెండోది తనే తీసుకుంది.